మొదటి రౌండు ఉచితం

ఆ కంపెనీ చరిత్ర పుస్తకంలో మొదటి పేరా నా గురించే. ఇంకెవరైనా అయితే కంపెనీ పెట్టిన పెద్దాయన పుట్టుకతో మొదలుపెట్టేవాళ్లు. నేను నాతో మొదలుపెట్టాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎం.ఏ. హిస్టరీలో ఫస్ట్ క్లాసు వచ్చింది, ఆ పొగరు ఇంకా దిగలేదు.

ఆ పేరా ఇది: "నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊరి తిరునాళ్లకు జెయింట్ వీల్ వచ్చింది. ఇంకా టికెట్లు మొదలుపెట్టలేదు. మెడలో తువ్వాలు వేసుకున్న ఒక పెద్దాయన 'పిల్లలూ రండి, మొదటి రౌండు ఫ్రీ' అని కేకేశారు. అందరికంటే ముందు పరుగెత్తింది నేనే. పైకి వెళ్లాక మా చర్చి గంట నా కాళ్ల కింద కనిపించింది. ఆ పెద్దాయన ఎవరో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు ఆయన కథ రాసే భాగ్యం నాకే కలిగింది."

కంపెనీ ఓనరు ఇది చదివి కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నేను కూడా మురిసిపోయాను. ఇప్పుడు ఆ పేరా కంటబడితే చాలు, పేజీ తిప్పేస్తాను.

తొంభైల మధ్య సంగతి. ఎం.ఏ. అయిపోయి, పరిశోధనకు సీటు కోసం ఎదురుచూస్తూ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లోనే ఉండేదాన్ని. మాది కోస్తా. నాన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. క్యాంపస్‌లో నా పని పొద్దున లైబ్రరీ, మధ్యాహ్నం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని దేశం ఎటు పోతోందో తేల్చడం. ఆదివారాలు మాత్రం క్యాంపస్ పక్కనే తార్నాకలో మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ముప్పై రెండు మంది పిల్లలు. గుమాస్తాల పిల్లలు, నర్సుల పిల్లలు. వాళ్ల దగ్గర మాత్రం నా పొగరు సాగేది కాదు.

మాకు హిస్టరీ చెప్పిన సారు ఇల్లు కూడా తార్నాకలోనే. ఆయన పక్కింటివాళ్లదే ఆ కంపెనీ. మూడు తరాలుగా జాతర్లలో రంగులరాట్నాలు, జెయింట్ వీళ్లు తిప్పిన కుటుంబం. ఊరి బయట స్థలం తీసుకుని పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కు కడుతున్నారు. ప్రారంభోత్సవానికి కంపెనీ చరిత్ర ఒక పుస్తకంగా వేయాలనుకున్నారు. "నీకు తెలుగు బాగా వచ్చు కదమ్మా, నువ్వు రాయి" అన్నారు సారు. రైతు పోరాటాల మీద పరిశోధన చేద్దామనుకుంటుంటే రంగులరాట్నాల మీద రాయమంటారేమిటని మూతి ముడిచాను. "ఎన్ని జాతర్లు తిరిగారో అన్ని ఊళ్ల చరిత్ర వాళ్లకు తెలుసు. ముందు వెళ్లి విను" అని కసిరారు.

వెళ్లాను. తార్నాక చౌరస్తా నుంచి లోపలికి వెళ్తే రెండంతస్తుల ఇల్లు. కింద ఆఫీసు, పైన కాపురం. వాకిట్లో పాత జెయింట్ వీల్ తొట్లు నాలుగైదు వరసగా పెట్టి వాటిలో మట్టి పోసి బంతి మొక్కలు వేశారు. మనుషులు కూర్చునే ఆ ఇనప తొట్లలో పూలు చూడగానే నాకు ఇల్లు నచ్చేసింది. రెండో రోజు నుంచి నా చెప్పులు నా ఇంట్లో విప్పినట్టే విప్పేదాన్ని.

ఓనరుకు నలభై అయిదేళ్లు ఉంటాయి. సఫారీ సూటు, నెమ్మది మాట. తాతగారి సంగతి ఆయనే చెప్పారు. తాత వ్యవసాయదారుడు, చేతిలో వడ్రంగం పని కూడా ఉంది. టేకు కర్రతో నాలుగు తొట్ల రాట్నం చేసి పక్క ఊరి జాతరకు బండి మీద తోలుకెళ్లాడట. తండ్రి దాన్ని ఇనుముతో పెద్దది చేశాడు. మొదట్లో మోటారు లేదు. ఇద్దరు మనుషులు కమ్మీల మీదికెక్కి, తమ బరువుతోనే చక్రాన్ని తిప్పేవారు. తర్వాత పొలంలో బావి దగ్గరున్న ఆయిల్ ఇంజను పీకి దీనికి బిగించారు. "ఆ ఏడు పొలం ఎండింది గని రాట్నం మాత్రం మస్తు తిరిగింది" అని నవ్వారాయన. నేను ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను.

"మరి జాతర్లలో మొదటి రౌండు ఫ్రీ అంటారు కదా, అది ఎవరు మొదలుపెట్టారు సార్?" అని అడిగాను.

"మా నాయిన పెట్టిన ఆనవాయితీ అది. ఏ ఊర్ల దిగినా ఫస్ట్ రౌండ్ ఆ ఊరి పిల్లలకే. ఆయనకు పిల్లలంటే పాణం."

నేను వెంటనే మా ఊరి తిరునాళ్ల కథ చెప్పాను. మా నాన్న తిరునాళ్లకు వెళ్లనిచ్చేవారు కాదనీ, జెయింట్ వీల్‌కు మాత్రం మతం లేదని ఆ ఒక్కదానికీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారనీ చెబితే ఓనరు, మీ దిక్కు వచ్చింది మేమే అని తెగ సంతోషపడ్డారు. "పార్కు ఓపెనింగ్ రోజు గూడ గదే చేస్తం. జెయింట్ వీల్ ఫస్ట్ రౌండ్ పిల్లలకు. ఏదన్న స్కూలోళ్లను పిలవాలె" అన్నారు.

"మా సండే స్కూల్ పిల్లలున్నారు కదా సార్, నేను తీసుకొస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

ఇంకేముంది, తార్నాకలో ముప్పై రెండు ఇళ్లలో పండగ మొదలైంది. ఫ్రాకులు కుట్టించారు. చర్చి అయిపోగానే పిల్లలు నా చుట్టూ మూగి, ఎంత ఎత్తు, ఎన్ని తొట్లు, పైనుంచి మా ఇల్లు కనిపిస్తుందా అని ప్రాణం తోడేసేవారు. నేనే వెళ్లి ఒక బస్సు మాట్లాడి వచ్చాను.

ప్రారంభోత్సవం శనివారం. ఆ ముందు మంగళవారం పుస్తకంలోకి ఫోటోలు ఎంచుకోవడానికి వెళ్లాను. ఓనరు రేకు పెట్టె నిండా ఫోటోలు నా ముందు పెట్టి ఫోను మాట్లాడటానికి కింద ఆఫీసుకు వెళ్లారు. వంటగది వసారాలో ఆయన తల్లి చింతపండులో గింజలు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి. నన్ను చూస్తే "తిన్నవా బిడ్డా" తప్ప ఇంకో మాట అడిగేది కాదు. ఒకరోజు వాకిట్లో తొట్ల పక్కన నిలబెట్టి ఫోటో తీయిద్దామంటే విసురుగా లోపలికి వెళ్లిపోయింది. ముసలివాళ్ల బింకం అనుకున్నాను.

పెట్టెలో ఒక పాత ఫోటో దొరికింది. ఇనప చక్రం, కింద జనం. ఒక తొట్టిలో ఈవిడే, వయసులో ఉంది, చెరో పక్కన ఒక పిల్లవాడు, ఒక పిల్ల. పై తొట్టిలో ఇంకో అమ్మాయి ఒక్కతే కూర్చుని చెయ్యి పైకెత్తింది. ఓనరు మాత్రం ఇదివరకు నాతో, తోబుట్టువులం మేమిద్దరమే, నేనూ, మల్కాజ్‌గిరిలో ఉండే అక్కా అని చెప్పారు. నేను ఫోటో పట్టుకుని వసారాలోకి వెళ్లాను.

"అమ్మా, పైన ఒక్కతే కూర్చున్న అమ్మాయి మల్కాజ్‌గిరి ఆవిడేనా?"

ఆమె చేతులు తుడుచుకుని ఫోటో తీసుకుంది. "కాదు. ఆమె నడిపిది, నా పక్కపొంటి ఉన్నది. ఇది పెద్దది. లేదు."

"మీరంతా సరదాగా ఎక్కారా?"

"సరదాకు కాదు బిడ్డా. ఇంటి సుట్టు." నాకు అర్థం కాలేదని గ్రహించి చెప్పింది. "రాట్నం కొత్త జాగల నిలబెట్టినంక, టికెట్లు ఇయ్యకముందు, ఇంటోళ్లం ఎక్కాలె. నేను, ముగ్గురు పిల్లలు. మూడు సుట్లు తిరగాలె. గది జూసి జనం, పెండ్లాం పిల్లలనే ఎక్కిచ్చిండు, ఇగ మనకేం భయం అనుకుంటుండె. మా మామ కాలం నుంచి గదే పద్ధతి."

నా పెన్ను పరుగులు తీసింది. ఇంత గొప్ప సంగతి వదిలేసి ఆయిల్ ఇంజను గురించి చెబుతాడేమిటి ఈ కొడుకు అని మనసులో తిట్టుకున్నాను కూడా.

"మరి ఈ పద్ధతి ఎప్పుడు మానేశారమ్మా?"

"ఇది పడిపోయినంక."

ఆమె గొంతేమీ మారలేదు. చింతగింజ ఒకటి తీసి పళ్లెంలో వేసి చెప్పుకుంటూ పోయింది. పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆ ఫోటో తీసిన జాతరలోనే, నేనొక్కదాన్నే కూసుంట అని మారాం చేసిందట. సరే అని తండ్రి పై తొట్టిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టాడు. తొట్టిని చక్రానికి పట్టి ఉంచే చీల ఒకటి పెట్టడం మరిచారు. రెండో చుట్టులో తొట్టి ఊడి వచ్చింది.

"ఊరోళ్లు ఎవ్వలికి ఏం కాలె" అందామె. "ఇంటి సుట్టు ఉన్నది గందుకే గద."

నేను పెన్ను ఎప్పుడు కింద పెట్టానో నాకు తెలియదు.

"దినాలు కాంగనే ఇంకో జాతరకు పోయినం. పోకుంటే ఎట్ల బతకాలె? రాట్నం నిలబెట్టిన్రు. నేను గుడారంల కెళ్లి బయటికి రాలె. మా ఆయన రమ్మని అడగలె. జనం నిలబడి చూస్తున్నరు, ఎవ్వలు ఎక్కుతలేరు. ఇగ ఆయన ఏం జేసిండు... ఆడ నిలబడ్డ పోరగాండ్లను పిలిచిండు. రండి, మొదటి రౌండు ఫ్రీ అని."

కాసేపు నాకు ఆ మాటలు చెవిలోకి వెళ్లాయి గానీ తలకెక్కలేదు. తలకెక్కాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ తువ్వాలు. ఆ కేక. నా పరుగు. పిల్లలంటే ప్రాణం! నా కాళ్ల కింద చర్చి గంట కనిపిస్తుంటే నేను చేతులు ఊపుకుంటూ, ఆ చీలలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో వాళ్లకు చూపించి పెడుతున్నానన్న మాట. పదిహేనేళ్లుగా నా చిన్నతనంలోకెల్లా మంచి రోజు అని చెప్పుకున్న రోజు అది.

"అమ్మా, మా ఊరికి కూడా వచ్చారు మీరు. నేను ఎక్కాను. మొదటి రౌండు."

ఆమె చేతిలో గింజ జారిపోయింది. "నువ్వెక్కినవా?"

"అందరికంటే ముందు."

ఆమె నా దగ్గరికి జరిగింది. చింతపండు చేతులతోనే నా తల నిమిరింది, భుజాలు తడిమింది, మోచేతుల దాకా తడిమి చూసింది. "మంచిగనే దిగినవా?" అంది, నేను ఆ నిమిషంలోనే తొట్టిలోంచి దిగినట్టు. "ఏ ఊర్ల అయిన గూడ ఫస్టు రౌండు తిరిగినంతసేపు గుడారంల కండ్లు మూసుకొని కూసుంట బిడ్డా. పిల్లలు దిగి ఉరుకుతున్న సప్పుడు ఇన్నంకనే తెరుస్త. నీకు గూడ మూసుకొనే ఉంట."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఆ చేతులు నా మీద ఉండగా ఎలా కోప్పడాలో తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది. శనివారం. నా ముప్పై రెండు మంది.

కిందికి దిగి ఆఫీసులోకి ఊడిపడ్డాను. ఓనరుతో అంతా అనేశాను. నా నోటికి తాళం ఉండదు. ఆయన గొంతు పెంచలేదు.

"అమ్మ చెప్పిందా? నేను ఆ కింది తొట్టిలనే ఉన్న. నాకు ఏడేండ్లు" అన్నారు. మళ్లీ ఆయనే, "అది పాత కాలమమ్మా. ఇది కొత్త మిషను. ఇంజనీర్లు అన్ని చెక్ చేసిన్రు. ఏం కాదు" అన్నారు.

"ఏమీ కాకపోతే మొదటి రౌండు మా పిల్లలే ఎందుకు సార్?"

"ఆనవాయితీ."

"మీ పిల్లలు కూడా ఎక్కుతారా?"

"వాళ్లకు కండ్లు తిరుగుతయ్" అన్నారాయన, నా వైపు చూడకుండా.

నేను ఆ మాట నమ్మానా? నమ్మలేదు. కానీ నమ్మితే బాగుండునని ఎంతగా అనుకున్నానంటే, హాస్టల్‌కు నడిచి వచ్చేలోపల, కొంతమంది పిల్లలకు నిజంగానే కళ్లు తిరుగుతాయి కదా అనే దాకా వచ్చాను.

బుధవారం సాయంత్రం తార్నాకలో ఎస్టీడీ బూత్‌లో నిలబడి నాన్నకు ఫోన్ చేశాను. "నాన్నగారూ, నేను జెయింట్ వీల్ ఎక్కినరోజు మీరెక్కడున్నారు?"

"కింద నిలబడి నిన్నే చూస్తున్నానమ్మా. నువ్వు పైనుంచి చెయ్యి ఊపావు" అన్నారు. "డబ్బులు కూడా తీసుకోలేదు వాళ్లు. ఎంత మంచివాళ్లో. ఆ పార్కు వాళ్లు వాళ్లేనా? నా నమస్కారాలు చెప్పు."

చెబుతానని ఫోన్ పెట్టేశాను. నిజం చెబితే ఆయన ఏమైపోయేవారో నాకు తెలుసు. అందుకే చెప్పలేదని అప్పుడు అనుకున్నాను.

శుక్రవారం ప్రెస్ నుంచి పుస్తకాలు వచ్చాయి. అట్ట లోపలి పేజీలో 'రచన' అని, దాని కింద నా పేరు. అచ్చులో నా పేరు చూసుకోవడం అదే మొదటిసారి. హాస్టల్లో గదిగదికీ తిప్పి చూపించాను. ఆ సాయంత్రం తార్నాక వెళ్లి, ముప్పై రెండు ఇళ్ల తలుపులు తట్టి, రేపు ప్రయాణం లేదని చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. తార్నాక వెళ్లాను. ఎనిమిదింటికల్లా చర్చి గేటు దగ్గరుండండి అని చెప్పి వచ్చాను.

శనివారం పొద్దున పార్కు నిండా మామిడాకులు, మైకులు. కొత్త జెయింట్ వీల్ మెరుస్తోంది. మా పిల్లలు ఇస్త్రీ ఫ్రాకుల్లో, తలకు రిబ్బన్లతో వరసలో నిలబడ్డారు. ముందు వరస కుర్చీలో పెద్దావిడ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఓనరు మైకులో, "మా నాయిన పెట్టిన సంప్రదాయం ప్రకారం మొదటి రౌండ్ చిన్నారులకు ఉచితం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఇద్దరు పిల్లలు ఆయనకు చెరో పక్కన ఉన్నారు. మైకు పక్కన పెట్టగానే ఆయన రెండు చేతులూ ఆ పిల్లల భుజాల మీదికి వెళ్లాయి. గట్టిగా పట్టుకున్నారు. నా పిల్లలను చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నారు, తన పిల్లలను మాత్రం వదలడం లేదు.

నేను చూశాను. చూసి కూడా పిల్లలను మెట్ల వైపు నడిపించాను.

పెద్దావిడ కళ్లు మూసుకుంది. తొట్లు ఒక్కొక్కటే కిందికి వస్తున్నాయి, పిల్లలు ఎక్కుతున్నారు. అప్పుడు మా పిల్లల్లో ఒక నర్సు గారి కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల, గొంతు చించుకుని అరిచింది: "టీచర్, నేనొక్కదాన్నే కూర్చుంటా! నాకు ఒక్కదానికే తొట్టి కావాలి!"

పెద్దావిడ కళ్లు తెరిచింది. ఇంకా మొదటి చుట్టు మొదలవనైనా లేదు.

"ఆగుండ్రి" అంది. ఎవరికీ వినపడలేదు. లేచి నిలబడి మళ్లీ అరిచింది. "ఆగుండ్రి! పిల్లలను దింపుండ్రి!"

మెట్లెక్కి వచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తనే కిందికి దింపి, ఆ తొట్టిలో తను కూర్చుంది. పట్టుచీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని కొడుకును పిలిచింది. "రా."

ఓనరు పరుగున వచ్చారు. "అమ్మా, అందరు చూస్తున్నరు."

"చూడనీ. ఇంటి సుట్టు గావాలె."

ఆయన వెనక్కి తిరిగి తన పిల్లల వైపు చూశారు. "వాళ్లొద్దు" అందామె. "నువ్వు రా. నువ్వూ నేనూ సాలు."

ఎక్కిన పిల్లలందరినీ దింపారు. ఆయన ఎక్కారు. విషయం తెలియని అతిథులు, తల్లీ కొడుకుల ముచ్చట అనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు. చక్రం మూడు చుట్లు తిరిగింది. ఆయన తల్లి చెయ్యి పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు. ప్రతి చుట్టులోనూ పైకి వెళ్లినప్పుడు తల తిప్పి వెనక తొట్టి వైపు చూసింది. అందులో ఎవరూ లేరు.

దిగాక ఆమె కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుని, "ఇగ ఎక్కుండ్రి బిడ్డా" అని పిల్లలకు చెప్పింది. వాళ్లు కేకలు వేస్తూ ఎక్కారు. ఏమీ కాలేదు. మిషను నిజంగానే మంచిది. ఇంజనీర్లు నిజంగానే చూశారు. నాకు ఇప్పటికీ ఆ సంగతి ఏ ఊరటా ఇవ్వదు.

పిల్లలు పైనుంచి చేతులు ఊపుతున్నారు. నేనూ కింద నిలబడి చెయ్యి ఊపుతున్నాను, మా నాన్నలాగే. తేడా ఒక్కటే, ఆయనకు తెలియదు. అప్పుడు పెద్దావిడ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నిజంగానే అర్థం కాక అడిగింది.

"మా పోరడైతే భయపడి జేసిండు. నీకు నాలుగొద్దుల కిందనే చెప్తి గద బిడ్డా. తెలిసి గూడ తోల్కొచ్చినవా?"

పీజీ చేశాను, మాటలతో ఎవరినైనా పడగొట్టగలననుకునేదాన్ని. ఆ మనిషి ముందు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"బస్సు మాట్లాడేశానండీ."